డబ్బాలో వచ్చిన రంగు: ఒక రొయ్యల చెరువు తయారీ కిట్‌తో నా అనుభవం

డబ్బా మీద రొయ్య బొమ్మ ఉంది. ఒళ్లంతా చారలు, అంటే టైగర్ రకం. దాని పక్కనే పెద్ద అక్షరాలతో ‘వన్నామీ చెరువులకు ప్రత్యేకం’ అని రాసి ఉంది. వన్నామీ అనే రొయ్య రకానికి చారలుండవని మా ఊళ్లో బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ బొమ్మ చూసి నవ్వుకున్నాను. నవ్వుకుని మరీ కొన్నాను, అదే నేను చేసిన తప్పు.

మాది పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ల మండలంలో ఒక ఊరు. నాకూ మా మరిదికీ కలిపి రెండు చెరువులు. పెద్దది రెండెకరాలు, చిన్నది ఎకరం. మా వారు హైస్కూలు మాస్టారు. ఆదివారం గట్టు మీదకు వచ్చి కొంగల్ని లెక్కపెట్టి వెళ్లిపోతారు. నా చదువు బీఎస్సీ కెమిస్ట్రీ దగ్గర ఆగింది కానీ లెక్క వేసే అలవాటు ఆగలేదు. సరుకు ఏది కొన్నా ఎన్ని కిలోలు, ఎన్ని నీళ్లలో, ఎంత పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) అని నోటు పుస్తకంలో రాసుకుంటాను. మరిది దాన్ని ‘వదిన గారి పంచాంగం’ అంటాడు.

ఈ కిట్ కొనడానికి కారణం ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచాక రొయ్య ధర మీద అందరికీ బెంగ పట్టుకుంది. చెరువు తయారీలో పది వేలు మిగిలితే చాలనుకునే పరిస్థితి. సరిగ్గా అప్పుడే మేము ఎప్పుడూ సున్నం కొనే ఆక్వా షాపులో ఈ ప్యాకేజీ పెట్టారు. నీటి పరీక్ష, సున్నం, డోలమైట్ (సున్నం లాంటి రాతి పొడి), బ్లీచింగ్, మినరల్స్, ప్రోబయోటిక్, నీటికి రంగు కట్టించే పొడి, అన్నీ కలిపి రెండెకరాలకు 21,500 రూపాయలు. వాటితో పాటు ఏ రోజు ఏది చల్లాలో చెప్పే ఒక కార్డు. ఆ కార్డు ప్రకారం ఏడో రోజుకు సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలేయవచ్చు. షాపు పేరు రాయడం లేదు. అక్కడ మంచి మనుషులు కూడా ఉన్నారు, వాళ్ల సంగతి కూడా చెబుతాను.

ముందు మంచి మాట. నీటి పరీక్ష బాగా చేశారు. ఇద్దరు అమ్మాయిలు పనిచేసే చిన్న ల్యాబు అది. ఉదయం సీసాలో నీళ్లిస్తే సాయంత్రానికి కాగితం చేతికిచ్చారు. ఉప్పు వెయ్యికి 4 పాళ్లు, పీహెచ్ 8.1, ఆల్కలినిటీ 180 పీపీఎం, పొటాషియం 22 పీపీఎం. మా నీళ్లలో ఎప్పుడూ పొటాషియమే తక్కువ. సముద్రపు నీటిలో లవణాల పాళ్లు ఎలా ఉంటాయో ఉప్పు తక్కువున్న నీళ్లలోనూ దాదాపు అవే పాళ్లు ఉంటే వన్నామీ సుఖంగా ఉంటుంది. అందుకు ఒక గుర్తు ఉంది. నీటి ఉప్పు అంకెను 10.7తో హెచ్చిస్తే ఉండవలసిన పొటాషియం వస్తుంది. మాకు సుమారు 43 ఉండాలి, ఉన్నది సగం. అది తక్కువైతే రొయ్య వల తగలగానే వంకర తిరిగి బిగుసుకుపోతుంది, పొర విడిచాక గుల్ల గట్టిపడటానికి తంటాలు పడుతుంది. ల్యాబు కాగితంలో ఆ అంకె కింద ఎర్ర గీత గీసి ఇచ్చారు. ఈ ప్యాకేజీలో ఐదుకు ఐదు మార్కులు పడేది ఈ కాగితానికి ఒక్కదానికే.

ఎర్ర గీత గీసిన షాపే దానికి మందుగా ఇచ్చింది 20 కిలోల మినరల్ సంచి. కూర్చుని లెక్క వేశాను. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. నాలుగడుగుల లోతు, అంటే 1.2 మీటర్ల నీళ్లుంటే ఎకరానికి సుమారు 48.5 లక్షల లీటర్లు, రెండెకరాలకు 97 లక్షలు. ఆ సంచి మొత్తం అచ్చమైన పొటాష్ ఎరువే అనుకున్నా, అందులో పొటాషియం సగమే కాబట్టి నీటిలో పెరిగేది ఒక్క పీపీఎం. మాకు కావలసింది 21. కూర నిండా ఉప్పు చాలలేదంటే ఒక్క రవ్వ వేసి కలిపినట్టు. మామూలు పొటాష్ ఎరువు విడిగా తెచ్చుకుని విడతలు విడతలుగా కరిగించి పోశాను. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఇక బ్లీచింగ్. చెరువు తయారీకి ఇదే గుండెకాయ. మా పుట్టింటి వాళ్లది మొగల్తూరు వైపు. 1990ల్లో నాన్నగారు టైగర్ వేసేవారు. అప్పట్లో ఏటి పోటు వచ్చినప్పుడు తూము ఎత్తి నీళ్లు నేరుగా లోపలికి పెట్టుకునేవారు, బ్లీచింగ్ మాటే లేదు. పేడ, వేరుశనగ చెక్క, కాస్త యూరియా, సూపరు ఫాస్ఫేటు చల్లితే నాలుగు రోజుల్లో నీళ్లు పచ్చగా తిరిగేవి. 94, 95 ప్రాంతాల్లో తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు వచ్చాక ఆ పద్ధతి పోయింది. ఏటి నీళ్లతో వచ్చే పీతలు, అడవి రొయ్య పిల్లలే ఆ వైరస్‌ను మోసుకొస్తాయని తెలియడానికి ఎన్నో కుటుంబాలు ఆరిపోయాయి. 2009లో వన్నామీకి అనుమతి వచ్చేనాటికి నీటిని వడకట్టి, బ్లీచింగ్ వేసి, లోపలున్న ప్రాణులన్నిటినీ చంపి, ఆ తర్వాత కావలసిన వాటిని మళ్లీ పుట్టించుకోవాలి అనే పాఠం అందరికీ వచ్చింది. మేమూ అంతే చేస్తాం. రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు ఎండబెట్టి, నేల నెర్రెలు విచ్చి కాలు పెడితే పెళ్లలు విరిగేదాకా ఆగుతాం. మేత పడే చోట పేరుకున్న నల్ల బురద గీకి గట్టు అవతల వేస్తాం. తర్వాత గొట్టానికి రెండు పొరల వడపోత సంచి కట్టి నీళ్లు పెడతాం.

అలా పెట్టిన నీళ్లకు 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ అయితే 60 పీపీఎం వేయాలని మా దగ్గర లెక్క. ఎకరానికి దగ్గర దగ్గర 290 కిలోలు. కిట్‌లో రెండెకరాలకు కలిపి 200 కిలోలు ఇచ్చారు. అంటే 20 పీపీఎం. మూడో వంతు. షాపు కుర్రాడిని అడిగితే, “ఇది హై పవర్ మేడం” అన్నాడు. సంచి తిప్పి చూపించాను. 30 శాతం అని సంచి మీదే ఉంది. “అందరూ ఇంతే వేస్తున్నారు మేడం” అన్నాడు. ఇది రెండో జవాబు. మొదటి జవాబు అబద్ధమైతే రెండోది నిజమేమోనని భయం వేసింది.

కార్డులో ఇంకో వింత. మొదటి రోజు ఉదయం సున్నం, అదే రోజు సాయంత్రం బ్లీచింగ్ అని రాశారు. క్లోరిన్ పని చేయాలంటే నీటి పీహెచ్ తక్కువగా ఉండాలి. ఏడు దాటి ఎనిమిదికి వెళ్లేకొద్దీ దాని పదును తగ్గిపోతుంది. మా నీళ్లు ఎలాగూ 8.1. పైగా సున్నం చల్లి ఇంకా పైకి ఎక్కించి, ఆ తర్వాత మూడో వంతు బ్లీచింగ్ వేస్తే పీత కూడా చావదు, ఒళ్లు తెల్లగా చేసుకుని పక్క చెరువుకు పెళ్లికి వెళుతుంది. సున్నం బస్తాలు గదిలో పెట్టించాను. ఇంకో పదిహేను సంచుల బ్లీచింగ్ తెప్పించి, పొద్దు వాలాక, ఎండ దాన్ని విరిచేయకుండా, తెల్లవారేలోపు పని అయ్యేలా రెండు చెరువుల్లోనూ చల్లించాం. మర్నాడు ఉదయం గట్టు వారన తేలినవి ఒక బుట్టెడు: చిన్న చేపలు, రెండు పీతలు, పేరు తెలియని ఏటి రొయ్యలు. వడపోత సంచి రెండు పొరలున్నా ఇన్ని వచ్చాయి. ఆ బుట్ట ఫోటో తీసి షాపు కుర్రాడికి పంపాను. బొటనవేలు బొమ్మ ఒకటి తిరుగు టపాలో వచ్చింది.

ఇక్కడ నాకు కార్డు రహస్యం తెలిసింది. దాని ప్రకారం నాలుగో రోజుకే ప్రోబయోటిక్ చల్లాలి. ప్రోబయోటిక్ అంటే బతికున్న బ్యాక్టీరియా. నీళ్లలో క్లోరిన్ ఉండగా చల్లితే డబ్బులు కాల్చి బూడిద చల్లినట్టే. క్లోరిన్ పోయిందో లేదో చూసుకోవడానికి ఆర్థోటాలిడిన్ అనే చుక్కల మందు ఉంటుంది. గ్లాసుడు నీళ్లలో నాలుగు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతూనే ఉన్నా నాలుగో రోజున మా నీళ్లు నిమ్మరసంలా పసుప్పచ్చగా ఉన్నాయి. ఐదో రోజు లేత పసుపు. ఏడో రోజుకు గానీ తేటగా నిలవలేదు. మరి కార్డు రాసినవాళ్లకు నాలుగో రోజే ఎలా సరిపోయింది? బ్లీచింగ్ మూడో వంతే వేస్తే క్లోరిన్ కూడా ఆ లెక్కనే తొందరగా పోతుంది! వాళ్ల వేగమంతా ఆ పొదుపులోంచి వచ్చిందే.

ఎనిమిదో రోజు డోలమైట్, తొమ్మిదో రోజు ప్రోబయోటిక్ పడ్డాయి. సున్నం, డోలమైట్ సరుకు మంచిదే. తడి లేదు, గడ్డలు లేవు, తూకం సరిగా ఉంది. ప్రోబయోటిక్ గురించి ఏమీ చెప్పలేను. అది పనిచేసినా కనిపించదు, చేయకపోయినా కనిపించదు.

ఇప్పుడు అసలు సంగతి, రంగు పొడి. దీని కోసమే కిట్ కొన్నవాళ్లు మా చుట్టుపక్కల ఐదారుగురు ఉన్నారు.

చేపా రొయ్యా తెలియని వాళ్లు ఈ రంగు గోల ఏమిటని అడుగుతారు. బ్లీచింగ్ వేసిన నీళ్లు తేటగా, ప్రాణం లేకుండా ఉంటాయి. ఎండ నేరుగా అడుగుకు దిగుతుంది. అడుగున నాచు పట్టి, కొన్నాళ్లకు చాపలు చాపలుగా పైకి తేలి కుళ్లుతుంది. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ నుంచి వచ్చే పిల్ల కంటికి ఆనదు, వెంట్రుక ముక్కలా ఉంటుంది. ఆ వయసులో దానికి మేత గింజ కంటే నీళ్లలో తిరిగే సూక్ష్మ ప్రాణులే అసలు తిండి. ఎరువు పడితే ముందు నాచు కణాలు పుడతాయి, వాటిని తిని సన్నటి పురుగుల్లాంటివి పెరుగుతాయి, వాటిని రొయ్య పిల్ల తింటుంది. నీళ్లు గోధుమ బంగారు రంగులో ఉంటే డయాటమ్‌లు అనే నాచు కణాలు ఉన్నట్టు, అదే అందరూ కోరుకునే రంగు. ఆకుపచ్చ అయితే ఫరవాలేదు. నీలి పచ్చగా తిరిగి, గాలివాటుకు గట్టు మూల పెయింటు పోసినట్టు పేరుకుంటే చిక్కే. కాబట్టి రంగు అంటే నీళ్లలో అన్నం ఉడికిందని చెప్పే ఆవిరి లాంటిది. ఆవిరిని విడిగా డబ్బాలో అమ్మితే ఏమవుతుందో నా కథ.

ఒక పని మాత్రం నాకు తెలియకుండానే బాగా చేశాను. ఎకరం చెరువుకు కిట్ కొనలేదు. అక్కడ ఎప్పటిలాగే నా డ్రమ్ము పెట్టుకున్నాను. రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ములో 20 కిలోల తవుడు, నాలుగు కిలోల నల్లబెల్లం, 200 గ్రాముల ఈస్టు, మంచి నీళ్లు. మూత వదులుగా పెట్టి, పూటకొకసారి వెదురు కర్రతో తిప్పుతూ రెండు రోజులు పులియబెట్టాలి. మొదటి రోజు సాయంత్రానికి పైన తెల్లటి నురగ కడుతుంది, కర్ర పెడితే బుసబుసమని బుడగలు లేస్తాయి. రెండో రోజుకు పుల్లటి దోసెల పిండి వాసన పోయి కల్లు వాసన వస్తుంది. గట్టు మీదుగా వెళ్లే బాబాయి ఒకాయన ఆగి, “ఏమ్మా, కొత్త వ్యాపారమా?” అని అడిగి వెళ్లారు. దాన్ని వలగుడ్డలో పిండి, రసం మాత్రమే చెరువంతా పోయాలి. పిప్పి పోయకూడదు, అడుగున చేరి బురద అవుతుంది. మా పిప్పిని పక్కింటి గేదె తింటుంది, దాని అభిప్రాయం ఇంతవరకు ఎవరూ అడగలేదు. తొమ్మిదో రోజు, పదకొండో రోజు, పదమూడో రోజు, మూడు సార్లు పోశాను. రోజూ ఉదయం మరిది, కాపలా అబ్బాయి చెరో చివరా పట్టుకుని అడుగున గొలుసు లాగేవారు, నాచు పట్టకుండా.

పెద్ద చెరువులో తొమ్మిదో రోజే రంగు పొడి కలిపాం. బకెట్‌లో వేయగానే కాఫీ డికాక్షన్ రంగు. వాసన లేదు. చెయ్యి ముంచిన కాపలా అబ్బాయి తువ్వాలుతో తుడుచుకున్నాడు, ఆ తువ్వాలు సంగతి గుర్తుంచుకోండి. పదకొండో రోజు ఉదయానికి చెరువు అందంగా తయారైంది. గోధుమ రంగు, ఎండలో కాస్త ఎర్రటి మెరుపు. మరిది గట్టు మీద నుంచే ఫోన్ చేశాడు. “వదినా, రంగు భలే తిరిగింది, మీ డ్రమ్ము ఇంకా ఆవులిస్తోంది” అన్నాడు. నిజమే, చిన్న చెరువు ఇంకా తేటగానే ఉంది. మా అత్తగారి పాత స్టీలు పళ్లానికి నలుపు, తెలుపు పెయింటు వేసి, తాడుకు ముళ్లు కట్టి నీళ్ల తేటదనం కొలిచే సెక్కీ డిస్క్ చేసుకున్నాను. దాన్ని పెద్ద చెరువులో దించితే 35 సెంటీమీటర్ల దగ్గర కనబడకుండా పోయింది. ముప్పై, నలభై మధ్య ఉండాలంటారు. పళ్లెం కూడా మోసపోయింది.

నాకు అనుమానం వచ్చింది రంగు వల్ల కాదు, వేళ వల్ల. బ్లీచింగ్ వేసి అన్నిటినీ చంపిన నీళ్లలో రెండు రాత్రుల్లో అంత ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మ ప్రాణులు) ఎక్కడి నుంచి పుడుతుంది? పైగా ఉదయం, సాయంత్రం పీహెచ్ చూస్తే కదలడం లేదు. ఉదయం 8.1, సాయంత్రం 8.1. నాచు ఉంటే పగలు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది, సాయంత్రానికి పీహెచ్ కొంత పైకి జరగాలి. ఈ నీళ్లు ఊపిరి తీయడం లేదు.

మా వారి స్కూలు ల్యాబు నుంచి వడపోత కాగితాలు నాలుగు అడిగి తెప్పించాను. ఒక గరాటులో కాగితం మడిచి పెట్టి, పెద్ద చెరువు నీళ్లు పోశాను. కింద గ్లాసులోకి దిగిన నీళ్లు అదే డికాక్షన్ రంగు. కాగితం మీద మట్టి తప్ప ఏమీ లేదు. మరో కాగితంలో చిన్న చెరువు నీళ్లు పోశాను. అప్పటికి అది పదమూడో రోజు, కంటికి లేత టీ రంగు కనిపిస్తోంది. కిందికి తేట నీళ్లు దిగాయి. కాగితం మీద బంగారు రంగు పూత మిగిలింది, వేలితో రాస్తే జిగురుగా. రెండు గ్లాసులూ కిటికీలో పక్కపక్కన పెట్టి మరిదిని పిలిచాను. చాలాసేపు చూసి, “అయితే మనం చెరువుకు జుట్టు రంగు వేశామా వదినా?” అన్నాడు.

రాత్రి ఇంకో పరీక్ష. గాజు గ్లాసులో చెరువు నీళ్లు తీసుకుని, చీకట్లో ఒక పక్క నుంచి టార్చి వేస్తే, నీళ్లలో కోపెపాడ్‌లు, అంటే పిల్ల తినే ఆ సన్నటి పురుగుల్లాంటివి, ఉంటే వెలుతురు వైపు గుమిగూడతాయి. తెల్లటి చుక్కలు, గెంతుతున్నట్టు ఆగి ఆగి కదులుతాయి. చిన్న చెరువు గ్లాసులో పది పన్నెండు కనిపించాయి. పెద్ద చెరువు గ్లాసులో టార్చి వెలుగు అవతలి గోడ మీద పడింది, అంతే.

మర్నాడు రెండు సీసాలూ పట్టుకుని అదే షాపు ల్యాబుకు వెళ్లాను. ఏ సీసా ఏ చెరువుదో చెప్పలేదు. ల్యాబు అమ్మాయి చిన్న చెరువు చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, “చాలా బాగుంది మేడం, చూడండి” అని లేచి కుర్చీ ఇచ్చింది. పడవల్లాంటివి, గుండ్రటి బిళ్లల్లాంటివి, దారానికి గుచ్చిన పూసల్లాంటివి. ఈ పూసలు డయాటమ్‌లేనట. రెండో చుక్క పెట్టి, అటు జరిపి, ఇటు జరిపి, అద్దం తుడిచి మళ్లీ పెట్టింది. “ఇందులో ఏమీ లేవు మేడం. రంగు మాత్రం ఉంది” అంది. కాస్త ఆగి, గొంతు తగ్గించి, “ఇది మన కిట్ వేసిన చెరువా?” అని అడిగింది. అవునన్నాను. ఆ అమ్మాయి కాగితం మీద ‘ప్లాంక్టన్: లేదు’ అని రాసి సంతకం పెట్టి ఇచ్చింది. తన షాపు సరుకు గురించి తన షాపు కాగితం మీద అలా రాసి ఇవ్వడానికి ఎంత నిజాయితీ కావాలో నాకు తెలుసు.

బయటి కౌంటర్‌లో ఆ కాగితం పెడితే షాపు ఆయన ముందు డబ్బా మీదున్న కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ధ్రువీకరణ నంబరు చూపించాడు. ఆ నంబరు విషయంలో చాలామంది రైతులు పొరపడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. అది సరుకులో నిషేధించిన యాంటీబయాటిక్స్ లేవని చెప్పడానికే. అది కావలసిందే, అది లేని సరుకు చెరువు దరిదాపులకు రానివ్వకూడదు, రొయ్యలో అవశేషాలు దొరికితే కంటైనరు వెనక్కి వస్తుంది. అంతేగానీ డబ్బా మీద రాసిన పని ఆ పొడి చేస్తుందని దాని అర్థం కాదు. ఈ మాట ఆయనకు చెబితే, “అడుగున నాచు పట్టలేదు కదండీ” అన్నాడు.

అది మాత్రం ఒప్పుకోవాలి. పట్టలేదు. రంగు ఎండను ఆపింది, అడుగున చీకటి చేసింది, నాచు రాలేదు. నీడ పొడి అని పేరు పెట్టి నీడ ధరకు అమ్మితే నేను మళ్లీ కొనేదాన్నేమో. కానీ డబ్బా మీద ‘48 గంటల్లో సహజ ప్లాంక్టన్’ అని ఉంది. పైగా ఎండను ఆపే రంగు ఎండతో బతికే డయాటమ్‌ను కూడా ఆపుతుంది కదా. అడుగు నాచును ఆపబోయి, కావలసిన నాచు నోట్లో కూడా గుడ్డ కుక్కినట్టు.

పదిహేనో రోజుకు ఆ రంగు కూడా వెలిసిపోయింది. ఎండకు విరిగిపోయి ఉండాలి. నీళ్లు మళ్లీ తేట. కార్డు నమ్మి ఏడో రోజున సీడ్ వదిలి ఉంటే ఈపాటికి పిల్లలు వారం రోజులుగా పస్తులు ఉండేవి, మేము గట్టు మీద నుంచి రంగు చూసి మురిసిపోతూ ఉండేవాళ్లం. మా ఊరి అవతల ఒకరు సరిగ్గా అలాగే చేశారు. వారి చెరువు సంగతి వారిది, నేను రాయను.

ఆ రోజు నుంచే పెద్ద చెరువుకు రెండు డ్రమ్ములు పెట్టాం. పక్క చెరువు నుంచి నాలుగు బిందెల మంచి నీళ్లు తెచ్చి తోడు వేయమని మాకు అందరూ సలహా ఇచ్చారు. పాలకు తోడు వేసినట్టు అది పనిచేసే మాట నిజం. కానీ ఎవరి చెరువులో ఏ జబ్బు ఉందో ఎవరికి తెలుసు? మా చిన్న చెరువుకు ఇంకా సీడ్ పడలేదు, దానికీ అదే బ్లీచింగ్, అదే రోజు పడింది. ఆ నీళ్లే పది బిందెలు మోసుకెళ్లి పోశాం. చిన్న చెరువుకు పదహారో రోజున డిస్క్ 38 చూపించింది, పదిహేడో రోజు సీడ్ పడింది. పెద్ద చెరువుకు ఇరవై ఐదో రోజు. ఎనిమిది రోజులు ఆలస్యం, ఆ ఎనిమిది రోజుల ఏరియేటర్ల కరెంటు, హేచరీ వాళ్లతో తేదీ మార్పించుకోవడానికి పడిన బతిమాలింపు, ఇవి కిట్ ధరలో రాయని ఖర్చులు. చివరికి రెండు చెరువుల్లోనూ పనిచేసింది తవుడు, బెల్లమే కాబట్టి రెండిటి పెరుగుదలనూ పోల్చి కిట్‌ను ఇంకా తిట్టడం న్యాయం కాదు.

నేను ఇచ్చే మార్కులు ఇవీ: నీటి పరీక్షకు ఐదు, సున్నం, డోలమైట్‌కు నాలుగు, బ్లీచింగ్ సరుకుకు మూడు, దాని మోతాదుకు సున్నా. రంగు పొడికి ఒకటి, అదీ నీడ పట్టినందుకు. మళ్లీ కొంటారా అని అడిగితే, ఆ షాపుకు మళ్లీ వెళ్తాను, ల్యాబుకూ సున్నానికీ. కిట్ జోలికి వెళ్లను. విప్పని రెండో రంగు పొడి డబ్బా తీసుకుని డబ్బు తిరిగి ఇచ్చారు, మాట అనకుండా ఇచ్చారు, అది కూడా రాయాలి.

చెరువులో ఆ రంగు ఆరు రోజులు నిలిచింది. కాపలా అబ్బాయి తువ్వాలు ఇప్పటికి నాలుగుసార్లు ఉతికాడు. మొన్న మోటారు గది ముందు తీగ మీద ఆరేసి ఉంటే చూశాను, ఐదు వేళ్లూ అచ్చు దిగినట్టు ఇంకా ఉన్నాయి.